లరీసా చీలమండలు

విన్నిపెగ్,
2 నవంబరు 2008

ఒరెస్ట్ మామయ్యకి,

నువ్వు ఫోను పీకించేశావు కాబట్టి ఉత్తరం రాయక తప్పలేదు. కోర్టులో పగలంతా ఊళ్ళోవాళ్ళ అబద్ధాలు టైపు చేసి వచ్చి, ఇంట్లో మళ్ళీ చేత్తో రాయడం ఎంత హింసో నీకేం తెలుసు. అమ్మే అంది, "మీ మామయ్యని అడగవే, వాడికి తెలియనిది లేదు, తెలిసింది చెప్పకుండా ఉండలేకపోవడమే వాడి జబ్బు" అని.

సంగతేమిటంటే, మొన్న మన ఊరి కమిటీ పెద్ద వెస్ మరింజాక్ ఫోను చేశాడు. ఫిబ్రవరిలో, మంచు హాకీ ఆడే మన రింకుకి నాన్న పేరు పెడుతున్నారట. నెస్టర్ పిద్లుబ్నీ రింకు. నాన్న పోయి ఏడాది తిరగకముందే చెయ్యాలని కమిటీ పట్టుదల. ఆ రోజు మన ఊరి ఆడవాళ్ళకీ పక్క ఊరి ఆడవాళ్ళకీ హాకీ మ్యాచ్ కూడా పెట్టారు. "నువ్వొచ్చి రిబ్బను కత్తిరించు అమ్మాయ్, అంతే చాలు. ఆటలో దిగమని అడగనులే, నీ చీలమండల సంగతి ఊరందరికీ తెలిసిందే కదా" అన్నాడు వెస్, నవ్వుతూ. నాకెందుకో ఒళ్ళు మండింది. "దిగుతాను" అనేశాను. అనేశాక ఫోను పట్టుకుని బొమ్మలా నిలబడ్డాను. పదేళ్ళప్పుడు మానేశాక మళ్ళీ మంచు మీద కాలు పెట్టలేదు. ఇప్పుడు నలభై నాలుగు దాటాయి.

స్కేట్లు కొన్నాను. నా బూట్ల సైజు ఎనిమిది, అదే తీసుకున్నాను. ఉన్ని మేజోళ్ళ మీద వేసుకుంటే ఇంట్లో తొడుక్కునే మెత్తటి జోళ్ళంత హాయిగా ఉన్నాయి. తీరా ఇక్కడి రింకులో దిగితే పాత కథే. రెండు చీలమండలూ లోపలికి ఒరిగిపోయాయి, కొత్తగా పుట్టిన దూడలా గోడ పట్టుకుని నడిచాను. నాన్న అన్న మాట నిజమే. నావి బలహీనమైన చీలమండలు. వాటికి కట్టుకునే పట్టీలు ఏవైనా ఉంటాయా? వ్యాయామాలా? మ్యాచ్ గెలవక్కర్లేదు మామయ్యా, గోలు కొట్టక్కర్లేదు. ఆ ఊరి ముందు ఒక్క ఆట నిటారుగా నిలబడి ఆడగలిగితే చాలు.

నీ మేనకోడలు
లరీసా


లోన్ స్ప్రూస్, సస్కాచెవాన్,
11 నవంబరు

లరీసాకి, చలికి వేళ్ళు వంగని మామయ్య రాస్తున్నది.

ఇవాళ పోస్టాఫీసు సెలవు. యుద్ధాల్లో చచ్చిపోయినవాళ్ళ పేర్లు చదవడానికి వెస్ మరింజాక్ స్తంభం దగ్గర మైకు పట్టుకున్నాడు. ఏటా అవే పేర్లు, ఏటా తప్పు చదువుతాడు. ఇంటికి వచ్చి చేతులు కడుక్కుని నీ ఉత్తరం మళ్ళీ చదివాను. మళ్ళీ కడుక్కోవాలనిపించింది.

రింకుకి పేరు పెడుతున్నారట! తడిసిన ఉన్ని కంపు, మాడిన నూనె కంపు, కుర్రాళ్ళ చంకల కంపు, ఈ మూడూ కలిసి ఉడికే రేకుల కొట్టం అది. దానికి మనిషి పేరు పెడితే ఆ మనిషికి గౌరవమా, కొట్టానికి గౌరవమా? మీ నాన్న విషయంలో మాత్రం జోడీ బాగానే కుదిరిందిలే.

నీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా రోత పుట్టించింది ఆ 'బలహీనమైన చీలమండలు' అన్న మాట. చదువుకున్నదానివి, రోజూ సాక్షుల మాటలు వింటున్నదానివి. బలహీనమైన చీలమండలతో కోర్టు మెట్లు ఎలా ఎక్కుతున్నావే? బస్సు వెనకాల ఎలా పరుగెత్తుతున్నావు? బూటులో పాదం ఊగితే ఎంత వస్తాదు చీలమండైనా ఒరుగుతుంది. బకెట్లో కాలు పెట్టి కత్తి అంచు మీద నిలబడి, తప్పు కాలిదంటున్నావు.

పట్టీలు వద్దు, వ్యాయామాలు వద్దు. ఆ స్కేట్లు వెనక్కి ఇచ్చెయ్. హాకీ స్కేట్లు మగవాళ్ళ కొలతల్లో తయారవుతాయి. అందులోనూ మామూలు బూటు కంటే ఒకటి, ఒకటిన్నర సైజు తగ్గించి వేసుకోవాలి. అంటే నీ ఎనిమిదికీ ఆ ఎనిమిదికీ చుట్టరికం కూడా లేదు. ఉన్ని మేజోళ్ళు పొయ్యిలో వెయ్. పలుచటి మేజోళ్ళతో, పాదాలు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రంపూట వెళ్ళు. వేసుకుని నిటారుగా నిలబడితే వేళ్ళ కొనలు ముందుభాగానికి తగిలీ తగలనట్టుండాలి. మోకాళ్ళు వంచితే అవి వెనక్కి జరగాలి, మడమ మాత్రం తన గూట్లోంచి కదలకూడదు. వేసుకోగానే హాయిగా ఉన్నదంటే అది నీది కాదని అర్థం.

తగ్గించి కొను. అంతే.

ఇంకా బతికే ఉన్న
ఒరెస్ట్


విన్నిపెగ్,
23 నవంబరు

మామయ్యకి,

నీ ఉత్తరం మొదటి పేజీ చదివి కిటికీ తెరవాల్సి వచ్చింది, గాలి కోసం. ఒక్క సలహా అడిగితే, సలహా కంటే ముందు శవం మీద రాళ్ళు వేశావు. నాన్న లేడు మామయ్యా. ఇంక ఎవరిని కొడతావు?

ఆ స్కేట్లు దుకాణంవాడు వెనక్కి తీసుకోలేదు. బ్లేడు పదును పెట్టించాక తీసుకోరట. "మేడమ్, హాయిగా ఉన్నాయని మీరే అన్నారు కదా" అన్నాడు. అన్నాను మరి.

సరే, ఇప్పుడు ఆ అవసరమూ లేదు. నిన్న వెస్ ఒక పెట్టె పంపించాడు. రింకులో అద్దాల బీరువాలో పెట్టిన నాన్న స్కేట్లు. కుర్రతనంలో ఆయన ప్రాంతీయ ఫైనల్ ఆడినవి. నేను వాటితోనే ఆడాలని కమిటీ కోరిక. పత్రికవాళ్ళు ఫొటో తీస్తారట. "తండ్రి స్కేట్లలో కూతురు, చూసినవాళ్ళకి కళ్ళనీళ్ళు తిరగాలి" అన్నాడు. ఉన్ని మేజోళ్ళు మూడు జతలు వేసి తొడిగి చూశాను. చిన్నప్పుడూ ఇలాగే కదా, అన్నయ్య స్కేట్లలో మేజోళ్ళు కుక్కి, ముందు కాగితాలు దూర్చి పంపేవాళ్ళు. అలవాటైన బరువే.

వాటితోనే ఆడతాను. పడితే పడతాను. నీకు నచ్చదని తెలుసు. నాన్నకి దక్కేది ఏదీ నీకు నచ్చదు. అసలు నన్ను అడ్డుకోవాలనే ఈ సైజుల గొడవంతా తెచ్చావేమోనని కూడా అనిపించింది. స్కేట్ల గురించి నీకింత ఎలా తెలుసు? నువ్వు ఏనాడూ ఆడినట్టు ఎవరూ చెప్పలేదే.

లరీసా


లోన్ స్ప్రూస్,
3 డిసెంబరు

లరీసా అనే మొండిదానికి,

చచ్చిపోయినవాడి బూట్లలో కాళ్ళు పెట్టావా? నీకు డోకు రాలేదూ? తోలు ఒకసారి ఒక పాదానికి అలవాటు పడితే అది ఆ పాదం అచ్చు. ఆ బూట్ల లోపల ఉన్నది మీ నాన్న మడమ గుంట, మీ నాన్న బొటనవేలి బొడిపె, మీ నాన్న చెమట. అద్దాల బీరువాలో పెట్టినంతమాత్రాన చెమట పన్నీరవదు. పైగా పదో నంబరు. మూడు జతల ఉన్ని మేజోళ్ళు! తింటే వంటబట్టని పిల్లకి గంగాళంతో కుత్యా పాయసం పెట్టినట్టుంది. మన ప్రెయిరీ మైదానాల ఇళ్ళల్లో తరాల నుంచీ ఉన్న దరిద్రం అది. పెద్దవి కొను, మేజోళ్ళు కుక్కు, పెద్దవాడు విడిచింది చిన్నవాడికి తొడుగు. పిల్లలు మంచు మీద మడమలతో నడుస్తుంటే చూసి ముచ్చటపడు.

నాకెలా తెలుసునని అడిగావు కదా. చెబుతాను, నోరు చేదెక్కినా సరే.

మీ నాన్న ఇనప సామాను దుకాణం పక్క గదిలోనే మన ఊరి గ్రంథాలయం ఉండేది. బళ్ళో చరిత్ర పాఠాలు చెప్పుకుంటూ శనివారాలు అక్కడ కూర్చునేవాణ్ణి. మధ్య తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది, అటువైపు పొయ్యి వేడి ఇటు రావడానికి. అక్టోబరు వచ్చిందంటే ఊరి మగపిల్లలందరూ స్కేట్ల కోసం ఆ దుకాణానికి వచ్చేవాళ్ళు. మీ నాన్న ఒక్కొక్కడి ముందూ నేలమీద మోకరిల్లేవాడు. "ఏరా కోడిపుంజూ, ఎగరకు, నిలబడు! ఇప్పుడు మోకాళ్ళు వంచు. ఇంకా వంచరా, మీ తాత పెళ్ళిలో వంగినట్టు కాదు! వేళ్ళు వెనక్కి జరిగాయా? మడమ లేస్తోందా? అబద్ధమాడితే చెవి మెలేస్తా." లేసు కన్నాల మీద అడ్డంగా పెన్సిల్ పెట్టి చూసేవాడు. అది పాదానికి తగిలిందంటే బూటు లోతు చాలదని తీసేసేవాడు. తల్లులు "ఇంకో సైజు పెద్దవి ఇవ్వు నెస్టర్, వచ్చే ఏడూ వస్తాయి" అని బతిమాలితే, "వచ్చే ఏడు వచ్చే ఏటి పాదానికి కొనండమ్మా, ఈ ఏడు వీణ్ణి అవిటివాణ్ణి చెయ్యకండి" అని కసిరేవాడు. ఆ పని అతనికన్నా బాగా చేసినవాణ్ణి నేను చూడలేదు. ఈ వాక్యం రాయడానికి రెండుసార్లు కలం కింద పెట్టాను.

ఇప్పుడు నువ్వు ఆలోచించు. ఊరందరి కొడుకుల ముందూ మోకరిల్లినవాడు, సొంత కూతురికి కొడుకు విడిచిన స్కేట్లు తొడిగి, కాగితాలు కుక్కి పంపాడు. నీ కాళ్ళు ఒరిగిపోతే బెంచీల దగ్గర నిలబడి, "మా దాని చీలమండలు బలహీనం, ఏం చేస్తాం" అని ఊరికి చెప్పాడు. తెలియక కాదు, అమ్మాయ్. ఆ ఊళ్ళో తెలిసినవాడు అతనొక్కడే.

ఆ బూట్లు వెస్ మొహాన కొట్టి, నీ పాదానికి సరిపడేవి కొనుక్కో.

ఒరెస్ట్


విన్నిపెగ్,
14 డిసెంబరు

ఒరెస్ట్ మామయ్యకి,

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచీ నాకు తిండి సహించడం లేదు. అమ్మకి ఫోను చేసి అడిగాను, మామయ్య ఇలా రాశాడు, నిజమేనా అని. "పొయ్యి మీద హొలుబ్చి మాడిపోతున్నాయి" అని పెట్టేసింది. అమ్మ ఏనాడైనా ఏదైనా మాడనిచ్చిందా?

అయినా నీ మాట విన్నాను. నాన్న స్కేట్లు పెట్టెలో పెట్టేశాను. ఇంకో దుకాణానికి వెళ్ళి, తగ్గించి కొను అన్నావు కదా, బాగా తగ్గించి కొన్నాను. నాలుగున్నర. నేను చిన్నవే అడిగితే అక్కడివాడు "గట్టిగానే ఉండాలి మేడమ్, తోలు సాగుతుంది" అన్నాడు. వేళ్ళు లోపల ముడుచుకుపోయాయి. అదే సరైనదేమో అనుకుని పళ్ళు బిగించి రింకులో దిగాను. కాసేపటికి పాదాలు మొద్దుబారాయి. బూటు విప్పేసరికి కుడి బొటనవేలి గోరు నల్లబడి ఉంది, ఇవాళ ఊడి మేజోడులో పడింది. పోనీ చీలమండలు నిలిచాయా అంటే అదీ లేదు. మొద్దుబారిన కాళ్ళు ఎటు ఒరిగితే ఏం?

నువ్వు ఒక మాట అంటావు, నాన్న ఒక మాట అన్నాడు, మధ్యలో నా గోరు ఊడింది. ఇక చాలు. జనవరిలో వెస్‌కి ఫోను చేసి, కోటు వేసుకుని వచ్చి రిబ్బను కత్తిరిస్తానని చెప్పేస్తాను. ఊరందరికీ తెలిసిన సంగతే కదా.

లరీసా


లోన్ స్ప్రూస్,
22 డిసెంబరు

లరీసాకి,

కాళ్ళు ఉన్నవాళ్ళకి కళ్ళు ఉండవు కాబోలు. 'తగిలీ తగలనట్టు' అని రాశాను నేను. ముడుచుకుపోవాలని రాశానా? నా ఉత్తరం తీసి చూడు. రాతపూర్వకంగా ఉన్న సాక్ష్యాన్ని ఇలా చదివే మనిషి చేతిలో మన కోర్టులు ఉన్నాయంటే నాకు దేశం మీద కూడా రోత పుడుతోంది. ఆ రెండో దుకాణంవాడికి నీ గోరు కవర్లో పెట్టి పంపు.

ఇప్పుడు నిదానంగా చదువు. గట్టిగా ఉండటం వేరు, నొప్పి పెట్టడం వేరు. ఎవరో గట్టిగా చెయ్యి కలిపినట్టుండాలి పాదం చుట్టూ, తలుపు సందులో పడ్డట్టు కాదు. నీకు పొడవు ఒక్కటే తెలుసు, వెడల్పు సంగతి ఎవరూ చెప్పలేదు. మన దూబిక్ వంశంవాళ్ళ పాదాలు ముందు బాతు పాదాలు, వెనక మేక పాదాలు. మా అమ్మవి అవే, మీ అమ్మవి అవే, నావీ అవే. నీవి చూడకుండానే చెప్పగలను. మామూలు వెడల్పు బూటులో మన వేళ్ళు నలుగుతాయి. వేళ్ళ కోసం పెద్ద సైజు తీసుకుంటే మడమ ఊగుతుంది. అందుకే ఎనిమిదీ కుదరలేదు, నాలుగున్నరా కుదరలేదు. నీకు కావలసింది పొట్టిదీ కాదు పొడుగుదీ కాదు, వెడల్పు రకం.

నిలబెట్టి రెండు పాదాలూ కొలిచే దుకాణం వెతుకు. కూర్చోబెట్టి కొలిచేవాడి దగ్గర్నుంచి లేచి వచ్చెయ్. ఒక పాదం పెద్దదైతే దానికే కొను. ఈ కాలం బూట్లని చిన్న పొయ్యిలో వేడి చేసి ఇస్తారట. అవి తొడిగి, లేసు కట్టి, చల్లారేదాకా కదలకుండా కూర్చోవాలి. లేచి నడిస్తే అచ్చు చెడుతుంది. లేసులు పైకి లాగకు, పక్కలకి లాగు.

కోటు వేసుకుని రిబ్బను కత్తిరించడానికి ఎవరైనా సరిపోతారు. వెస్ మరింజాక్ కూడా సరిపోతాడు, కత్తెర ఎటు పట్టుకోవాలో చూపిస్తే. వాడికి జనవరిలో ఫోను చేస్తానన్నావు కదా. జనవరిలో ముందు దుకాణానికి వెళ్ళు.

జనవరిలో వచ్చే మన పాత పంచాంగం క్రిస్మస్‌కి మీ అమ్మ పిలిచింది. పన్నెండు వంటలూ, గోడ మీద మీ నాన్న ఫొటోనూ. వంటల కోసం వెళతాను. గోడకి వీపు పెట్టి కూర్చుంటాను.

ఒరెస్ట్


విన్నిపెగ్,
11 జనవరి 2009

మామయ్యకి,

దొరికాయి.

నగరం అవతల, లారీల షెడ్ల పక్కన ఉంది దుకాణం. నడిపే ఆవిడ నోట్లో లవంగం నములుతూ నా బూట్లు విప్పించి నిలబెట్టింది. పాదాలు చూసి "అబ్బ, బాతులు!" అంది. నవ్వు ఆగలేదు నాకు. "నవ్వుతావేం, ఇన్నాళ్ళూ ఏం తొడిగావు వీటికి?" అంది. చెప్పాను. ఎనిమిది అన్నప్పుడు మొహం చిట్లించింది, నాలుగున్నర అన్నప్పుడు కళ్ళు మూసుకుంది, నాన్న పదో నంబరు అన్నప్పుడు లవంగం ఉమ్మేసింది. మీ ఇద్దరికీ పెళ్ళి చేస్తే బాగుండేది.

అయిదున్నర, వెడల్పు రకం. అయిదు జతలు తొడిగించి అయిదూ విప్పించింది, ఆరోది వేడి చేసింది. చల్లారేదాకా కదలకుండా కూర్చున్నాను. పాదం చుట్టూ బూటు నెమ్మదిగా బిగుసుకోవడం తెలిసింది. లేచి నిలబడ్డాను. అద్దంలో చూసుకున్నాను మామయ్యా. చీలమండలు నిటారుగా ఉన్నాయి. తాడు కట్టి చూసినట్టు.

ఆ సాయంత్రమే రింకుకి వెళ్ళాను. గోడ వదిలాను. పడ్డాను, చాలాసార్లు పడ్డాను, కానీ అందరూ పడ్డట్టు పడ్డాను, ఆట రాక. కాళ్ళు ఒరిగి కాదు. మూడో చుట్టులో ఉండగా ఏమైందో తెలుసా? సంతోషం రాలేదు. కోపం వచ్చింది. ఎంత కోపమంటే, ఎదురొచ్చిన పెద్దమనిషి పక్కకి తప్పుకున్నాడు. నా కాళ్ళకి ఏమీ లేదు. ఏనాడూ ఏమీ లేదు. పదేళ్ళ పిల్లని బెంచీ మీద కూర్చోబెట్టి, వేడి చాక్లెట్ చేతిలో పెట్టి, "పోనీలే తల్లీ, నీకిది రాసిపెట్టి లేదు" అన్నాడు నాన్న. నేను ఆయన్ని ఓదార్చాను మామయ్యా. నా కాళ్ళ వల్ల ఆయనకి బాధ కలిగిందని.

ఇప్పుడు ఆ మాటలు తలుచుకుంటే ఒళ్ళంతా మంట. ఆ రోజు మైకు నాకు ఇస్తారు. ఊరందరి ముందూ చెప్పేస్తాను.

లరీసా


లోన్ స్ప్రూస్,
20 జనవరి

నా బంగారు తల్లికి,

చాలా ఏళ్ళ తరవాత ఒక ఉత్తరం చదివి లేచి గదంతా తిరిగాను. చెప్పు. చెప్పి తీరాలి. నువ్వు తడబడకుండా ఉండటానికి ప్రసంగం రాసి పంపుతున్నాను, నాలుగు పేజీలు. మొదటి వాక్యం మెల్లగా చదువు, రెండో వాక్యం దగ్గర వెస్ మొహం చూడు.

నీ చీలమండల తరవాత గ్రంథాలయం సంగతి వస్తుంది, అది వదలకు. రింకులో యంత్రంతో మంచు గడ్డకట్టించాలని మీ నాన్న ఊరి సభలో తీర్మానం పెట్టాడు. డబ్బు చాలకపోతే గ్రంథాలయం గది అమ్మించాడు. నేను లేచి మాట్లాడితే ఏమన్నాడో తెలుసా? "పుస్తకం ఇంట్లో కూర్చునైనా చదువుకోవచ్చు ఒరెస్ట్ బావా, హాకీ ఇంట్లో ఆడలేం కదా." ఊరంతా చప్పట్లు. పుస్తకాలు రింకు నేలమాళిగలో పడేశారు. వసంతానికి బూజు పట్టి ఒకదానికొకటి అంటుకుపోయాయి. విప్పితే పేజీలు తడి రొట్టెలా ఊడివచ్చాయి. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. మూడో పేజీలో ఆ వాసన గురించి పేరా ఉంది, అది బాగా కుదిరింది, తొందరపడి చదవకు.

ఆ రింకులో మళ్ళీ అడుగు పెట్టనని ఆనాడే అనుకున్నాను, పెట్టలేదు. అయినా నాకు వినబడుతుందిలే. ఊరు చిన్నది.

నీ ఒరెస్ట్ మామయ్య


విన్నిపెగ్,
17 ఫిబ్రవరి

ఒరెస్ట్ మామయ్యకి,

నువ్వు రాలేదు. మంచిదే. నీ ప్రసంగం నేను చదవలేదు. వచ్చి ఉంటే అది వినబడక బాధపడేవాడివి.

ఎందుకు చదవలేదో చెబుతాను. నాలుగు పేజీల్లో నా కాళ్ళు ఉన్నది అరపేజీ. మిగతాదంతా బూజు. నాన్న నా కాళ్ళని తన లెక్కకి వాడుకున్నాడు, నువ్వు నీ లెక్కకి వాడుకోబోయావు. మీ బావాబావమరదుల పగకి నా చీలమండలు అరువివ్వను మామయ్యా. కోపం పోలేదు నాకు. కానీ అది నాది.

జరిగింది ఇది. మన వాళ్ళందరూ వచ్చారు. అన్నయ్య తరాస్ కాల్గరీ నుంచి పొట్టతో సహా వచ్చాడు. వెస్ మాట్లాడి మాట్లాడి, నాన్న స్కేట్ల పెట్టె తెరిచి నా చేతికిచ్చాడు. "తొడుక్కో అమ్మాయ్, ఒక్క ఫొటో. ఆట నీ స్కేట్లతోనే ఆడుదువుగానిలే." మైకు తెరిచే ఉంది. "వెస్ గారూ, ఇవి నా కాళ్ళకి పెద్దవి. నాకు ఈ రింకులో తొడిగినవన్నీ పెద్దవే" అన్నాను. అందరూ జోకనుకుని నవ్వారు. ముందు వరసలో అమ్మ నవ్వలేదు. పెట్టె మూసి బల్ల మీద పెట్టి, నా స్కేట్లు కట్టుకోవడానికి వెళ్ళాను.

ఓడిపోయాం. నేను పక్ బిళ్ళని తాకింది బహుశా నాలుగుసార్లు, అందులో ఒకటి వీపుతో. కానీ ఆట చివరిదాకా నా వంతు వచ్చినప్పుడల్లా దిగాను.

కారులో ఇంటికి వస్తుంటే అమ్మ కిటికీలోంచి చూస్తూ, నేను అడక్కుండానే చెప్పింది. "నువ్వు మానేసిన ఏడు, అక్టోబరులో అడిగాను మీ నాన్నని, పిల్లకి దాని కొలతకి కొనరాదా అని. 'ఇది బాగా ఆడితే మానదు ఓల్గా. మగపిల్లలకే మంచు మీద చోటు చాలడం లేదు, దీనికి ఎక్కణ్ణుంచి తేను? కాళ్ళు మంచివి కావంటే ఏడ్చి మానేస్తుంది. చోటు లేదంటే ఊరుకోదు' అన్నాడు." కిటికీ అద్దం మీది ఆవిరి తుడిచి, "నేను మళ్ళీ అడగలేదు" అంది. ఇంటికి వెళ్ళాక ఇద్దరం పెరొహె వేయించుకుని తిన్నాం.

ఇక్కడ గురువారాలు ఆడవాళ్ళ జట్టు ఒకటి ఆడుతుంది. కొత్తవాళ్ళని చేర్చుకుంటారట. చేరాను.

లరీసా


లోన్ స్ప్రూస్,
26 ఫిబ్రవరి

లరీసాకి,

నేను వచ్చాను.

పై వరసలో, స్తంభం పక్కన, టోపీ కళ్ళదాకా దించుకుని కూర్చున్నాను. వినడానికే వచ్చాను. అబద్ధం దేనికి? నా వాక్యాలు నీ గొంతులో ఎలా ఉంటాయో వినాలని, ఆ రింకులో అడుగు పెట్టనన్న మాట తప్పాను. లోపలికి అడుగు పెట్టగానే అదే కంపు. నూనె, ఉన్ని, చంకలు. పైగా ఈసారి దాల్చినచెక్క పూసిన వేపుడు రొట్టెలు కూడా. ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాను. కాఫీ అనే పేరుతో ఏదో ఇచ్చారు. బెంచీ తడిగా ఉంది, దేనివల్లో ఆలోచించకూడదని నిర్ణయించుకున్నాను. వెస్ మాట్లాడినంతసేపూ నా పంటి కింద ఇసుక ఉన్నట్టే ఉంది.

నీకు మైకు ఇచ్చారు. నువ్వు రెండు వాక్యాలు చెప్పి వెళ్ళిపోయావు. రెండే! నాలుగు పేజీలు రాశాను నేను. నీ మీద అసహ్యం వేసింది. మీ అమ్మ రక్తం, నోరు మూసుకునే రక్తం అనుకున్నాను. కోటు గుండీలు పెట్టుకుని లేచాను. మెట్లు నిండా జనం, దిగడానికి వీలు లేక అలాగే నిలబడ్డాను. అంతలో ఆట మొదలైంది.

ఏం ఆటే అది? కర్ర పట్టుకోవడం రాదు. పక్ ఎటు పోతే అటు కాక, అది ఇంతకుముందు ఉన్న చోటుకి పరుగెత్తుతావు. మీ గోల్‌కీపరు కాపలా కాసింది గోలునా, స్తంభాన్నా? చూడలేక చచ్చాను. చివరిదాకా చూశాను.

రెండో విరామం తరవాత నా పక్కన ఎవరో దంపతులు ఇరుక్కుని నిలబడ్డారు, మన ఊరి ముసలివాళ్ళే. ఆయన అడిగాడు, "ఆ పందొమ్మిదో నంబరు ఎవరండీ మాస్టారూ?"

"మా మేనకోడలు."

"అంటే నెస్టర్ కూతురా? ఆ పిల్లకి చీలమండలు బలహీనం కదూ?"

అమ్మాయ్, నా జేబులో ప్రసంగం రెండో ప్రతి ఉంది. నాలుగు పేజీలూ కంఠతా ఉన్నాయి. అడగక అడగక అడిగాడు మనిషి, కదలడానికి చోటు లేక ఎటూ పోలేడు కూడా. నేను నోరు తెరిచాను. అప్పుడే నువ్వు ఆ మూలలో మలుపు తిరుగుతున్నావు, ఒంటికాలి మీద బరువంతా వేసి. బూటు, దాని పైన కాలు, ఒకటే గీతలో ఉన్నాయి.

"చూస్తున్నావుగా" అన్నాను.

ఆయన చూశాడు. ఇంకో మాట మాట్లాడితే నువ్వు కనబడకుండా పోతావని నేనూ ఊరుకున్నాను.

నీ మామయ్య
ఒరెస్ట్